మోకాలికి గొళ్ళెం

పోయిన వారం గోపయ్యను నక్కలగుట్ట మీద ఒంటరిగా వదిలేసి వచ్చామని మీలో కొందరికి కోపం వచ్చింది. రావలసిన కోపమే అది, కాదనను. మూడేళ్ళుగా మంచానికీ గడపకూ మధ్యే తిరిగిన మనిషి, కూతురు స్వర్ణ చేసిచ్చిన మిషన్ కుడికాలికి కట్టుకుని మొదటిసారి మందతో గుట్టెక్కాడు. ఎక్కిన గంటా ముప్పావుకే నడుముకున్న బ్యాటరీ చచ్చి ఊరుకుంది. చుట్టూ అరవై గొర్లు, కాళ్ళ కింద కాలిన బండలు, కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. ఇటు చూస్తే పెద్దకొడుకు దామోదర్ గొర్లు కొనే అంజయ్యకు మాట ఇచ్చేశాడు: ఆదివారం నాలుగింటికి బండి తెచ్చుకో, మందంతా తోలుకుపో అని. స్వర్ణ ఫోన్‌లో మిషన్ ఆగిపోయిన గుర్తు కనబడగానే ఆ పిల్లకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అదనపు బ్యాటరీ సంచీలో వేసుకుని గుట్ట వైపు పరుగెత్తింది. అక్కడ ఆపాం. ఆ పరుగు దగ్గరే మళ్ళీ అందుకుందాం.

స్వర్ణ పరుగెత్తుతూనే తనను తాను తిట్టుకుంటోంది. భువనగిరి దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో, ఒక మూల గదిలో, రెండేళ్ళు తిండీ తిప్పలూ మాని చేసిన మిషన్ అది. నడుం పక్కన ఒక మోటారు ఉంటుంది, అది తొడను పట్టి కాలును ముందుకు ఎత్తుతుంది. మోకాలి దగ్గర ఇంకొక మోటారు, అది కాలు మడతపడి మనిషి కుప్పకూలకుండా పట్టుకుంటుంది. కాలేజీ వరండాలో తండ్రిని ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి, అడుగులు లెక్కపెట్టి, ఒక్క ఛార్జింగ్‌తో ఐదు గంటలు నడుస్తుందని గొప్పగా రాసుకుంది కూడా. ఐదు గంటలట! గుట్ట మీద రెండు గంటలైనా నిలవలేదు. తప్పెక్కడ జరిగిందో అంతుపట్టలేదు.

కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. మూడేళ్ళ కిందట ఎండాకాలంలో గొర్లకు కొమ్మలు కొడుతూ గోపయ్య తుమ్మచెట్టు మీది నుంచి పడ్డాడు. నడుం మీదే పడ్డాడు. ఎడమకాలు ఆరు నెలలకు తేరుకుంది గానీ, కుడికాలు మాట వినడమే మానేసింది. పట్నం దవాఖానలో డాక్టర్లు ఫొటోలు చూసి, ఆ కాలికి మెదడు నుంచి కబురు పోవడం లేదు, ఇక మీద ఆశ పెట్టుకోవద్దు అని తేల్చేశారు. ఇప్పుడు మళ్ళీ ఆ నడుం మీదే పడ్డాడేమో! దేవుడా, పడి ఉండొద్దు, పడి ఉండొద్దు అనుకుంటూ స్వర్ణ చివరి బండ ఎక్కింది.

గోపయ్య పడలేదు. నిలబడి ఉన్నాడు.

గొంగడి భుజాన వేసుకుని, కట్టెను ముందుకు నాటి, దాని మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం ఆనించి, ఎడమకాలి మీద తాపీగా నిలబడ్డాడు. మిషన్ కట్టిన కుడికాలు పక్కన ఊరికే వేలాడుతోంది. గొర్లు చుట్టూ మేస్తున్నాయి. మనిషి ముఖంలో కంగారు లేదు సరికదా, కళ్ళు సగం మూసుకుని చిన్న కునుకు తీస్తున్నట్టున్నాడు.

"నాయినా! దెబ్బ తాకిందా? పడ్డవా?"

గోపయ్య ఒక కన్ను తెరిచాడు. "పడుడేంది బిడ్డా? నిలవడ్డ గద."

"మిషన్ బందయి గంట దాటింది. అప్పటిసంది ఒక్క కాలు మీదనే ఉన్నవా?"

"ఇంకేం చెయ్యాలె? కూసుంటె మల్ల లెవ్వరాదు. నువ్వొస్తవని ఎరికే, గందుకే నిలవడ్డ."

"గంట నుంచి నాయినా! కాలు గుంజుతలేదా?"

ఆ మాటకు గోపయ్య నవ్వాడు. చదువుకున్న పిల్ల అడగాల్సిన ప్రశ్నేనా ఇది అన్నట్టు నవ్వాడు. "గుంజుడెందుకు గుంజుతది? నేనేమన్న మోస్తున్ననా? బొక్క మోస్తాంది. మోకాలు జర ఎనకకు నూకి గొళ్ళెం పెట్టిన్నంటె ఇగ కండకు పనే లేదు. మా నాయిన గిట్ల నిలవడే నిద్ర తీస్తుండె. నిలవడుడు రానోడు గొర్లోడెట్లయితడు బిడ్డా?"

స్వర్ణ వంగి తండ్రి ఎడమ తొడ మీద చెయ్యి వేసింది. డెబ్బై కిలోల మనిషి ఆ ఒక్క కాలి మీద ఉన్నాడు. గంటకు పైగా ఉన్నాడు. అయినా తొడ కండ మెత్తగా, వదులుగా, పడుకున్న మనిషి కండలా ఉంది. బరువంతా నిటారు ఎముక మీద నుంచి నేరుగా బండలోకి దిగిపోతోంది. ఆ పిల్లకు ఒళ్ళు జలదరించింది. పుట్టినప్పటి నుంచి తండ్రిని ఇలా నిలబడగా చూసింది. ఇరవై ఆరేళ్ళు చూసింది. చూసిందే తప్ప ఒక్కసారీ కళ్ళు పెట్టి చూడలేదు.

ఇక అక్కడి నుంచి ఇంటికి రమ్మనలేదు. కొత్త బ్యాటరీ తగిలించి, డబ్బా మీద పచ్చలైటు వెలిగాక, "నువ్వు రోజూ మేపినట్టే మేపు నాయినా, నేను కూసొని చూస్త" అంది. ఫోన్ చేతిలో పెట్టుకుని ఒక రాతి మీద కూర్చుంది.

గోపయ్య నలభై అడుగులు నడిచాడు, ఆగాడు. గొర్లు మేశాయి. పది నిమిషాలు నిలబడ్డాడు. మళ్ళీ పాతిక అడుగులు వేశాడు, పావుగంట నిలబడ్డాడు. ఎవరైనా అంతే, గొర్ల వెంట పోయేవాడు నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. జీవం మేస్తుంటే మనిషి కదిలితే అది మేత మాని తలెత్తుతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు తెలియక కాదు. కాలేజీ వరండాలో అడుగులు లెక్కపెట్టిన ఇంజనీరుకు గుర్తు రాలేదు, అంతే.

ఫోన్‌లో కరెంటు ఖర్చు చూపే గీత చూస్తే సంగతి బయటపడింది. తండ్రి నడిచేటప్పుడు కరెంటు కొంచెం కొంచెం ఖర్చవుతోంది. ఆగి నిలబడ్డాడా, అప్పుడే అసలు ఖర్చు. మోకాలి మోటారు తిరగకుండానే, కదలకుండానే, మనిషి బరువును పట్టుకుని కరెంటు తాగేస్తోంది. నిండు బిందెను చేత్తో గాలిలో పట్టుకుని నిలబడితే ఏ పనీ చేయకపోయినా చెయ్యి పీకుతుంది కదా, అలాగ. బ్యాటరీలో ఐదింట నాలుగు వంతులకు పైగా నడకకు కాదు, నిలబడటానికే పోతోంది. రెండేళ్ళు తాను మోటారు తగ్గించింది, తీగలు మార్చింది, తల బద్దలు కొట్టుకుంది. జవాబు మాత్రం తండ్రి ఎడమకాల్లో ఉంది. ఆ రాతి మీద కూర్చుని ఆ పిల్ల నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో దామోదర్ నిలబడి ఉన్నాడు. అతన్ని చెడ్డవాడనుకోకండి. నార్కట్‌పల్లిలో వ్యాను నడుపుకునే మనిషి, తండ్రి మంచాన పడ్డ రోజు తాళంచెవి ఓనరు చేతిలో పెట్టి వచ్చి మంద వెనక నడిచాడు. ఆ పని తనకు రాదు, ఇష్టమూ లేదు. అయినా మూడేళ్ళు చేశాడు.

"అన్నా, అంజయ్యకు ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు" అంది స్వర్ణ ఊపిరి ఆడకుండానే. "తప్పేందో దొరికింది."

"తప్పు దొరికిందా? మంచిది." దామోదర్ గొంతు పెంచలేదు, అదే స్వర్ణకు ఎక్కువ భయం కలిగించింది. "ఇయ్యాల ఒక్క పూట నేను లేకుంటె ఏమైందో చూసినవా చెల్లె? నువ్వు ఉరికొచ్చినవు కాబట్టి సరిపోయింది. నువ్వు కాలేజీల ఉన్నప్పుడు బందయితె ఎవరు ఉరకాలె? వానకు తడిసిన, ఎండకు ఎండిన, ఎన్నడన్న నోరు తెరిసిన్నా? నా పిల్లల మొఖం పగటిపూట చూసి ఎన్నొద్దులైందో నీకు ఎరికేనా? నాకు గూడ ఒక బతుకుంటది గద!"

అన్న చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. గొర్ల దొడ్డి దగ్గర పాలు పిండుతున్న తల్లి గుర్వమ్మ లేచి వచ్చింది. "మంద పోతె మీ నాయిన మంచంలకెళ్ళి లెవ్వడు కొడుకా" అంది మెల్లగా.

"మంద ఉంటె గుట్ట మీదకెళ్ళి లెవ్వడమ్మా. గప్పుడేం చేస్తవ్?"

అప్పుడు గోపయ్య వాకిట్లో మంచం మీద కూర్చునే కొడుకును దగ్గరికి పిలిచాడు.

"దామోదరా, నువ్వన్నది సక్కనే ఉన్నది. నీ మీద నాకు కోపం లేదు. ఆయితారం నాడు నేనొక్కణ్ణే పోత. పొద్దుగాల ఎనిమిదింటికి తోలుకపోయి, నాలుగింటి వరకు మందను దొడ్డికి తోలుకొస్త. ఎవ్వరు నా ఎంట రావద్దు, దూరంకెళ్ళి గూడ చూడొద్దు. రోజు మీరు నా ఎన్క ఉంటరా? ఉండరు గద. మిషన్ నడుమల బందయి నేను ఆగిపోయిన్నంటె..." గోపయ్య దొడ్డి వైపు చూశాడు. "ఆగిపోయిన్నంటె, నేనే నా చేతులతోటి జీవాలను అంజయ్య బండి ఎక్కిస్త. మల్ల గొర్ల మాటే ఎత్తను."

దామోదర్ తల వంచుకుని సరేనన్నాడు. అది గురువారం. చేతిలో రెండు రోజులున్నాయి.

శుక్రవారం పొద్దున్నే స్వర్ణ మిషన్‌ను సంచీలో పెట్టుకుని నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సు దిగింది. హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డు ఒకటుంది. పరశురాం అని దామోదర్ స్నేహితుడు నడుపుతాడు. చేతులకు గ్రీజు, నోట్లో జర్దా, ఎప్పుడూ ఏదో ఒక లారీ కింద సగం మనిషి. స్వర్ణ కాగితాలు పరిచి, బరువు పడినప్పుడు మోకాలు బిగుసుకోవాలని, పాదం లేచినప్పుడు వదులు కావాలని, పట్టుకోవడానికి కరెంటు ఒక్క చుక్క కూడా ఖర్చు కాకూడదని చెప్పింది. అరగంట చెప్పింది. పరశురాం అంతా విని జర్దా ఉమ్మి వచ్చాడు.

"హ్యాండ్ బ్రేకు గద చెల్లె నువ్వు చెప్పేది?"

స్వర్ణ నోరు వెళ్ళబెట్టింది.

"గంతేగా? లోడు లారీని ఎత్తుల ఆపితె ఇంజన్ నడిపిచ్చుకుంట నిలవెడ్తమా? హ్యాండ్ బ్రేకు గుంజి చాయ్ తాగపోతం. పళ్ళల్ల కొక్కెం పడితె లారీ ఏడికి పోతది? మీ నాయిన మోకాలికి ఇన్ని రోజులు ఇంజన్ నడిపిచ్చి నిలవెట్టినవా? మంచిగనే చదివినవ్ పో!"

ఎగతాళి చేస్తే చేశాడు గానీ, ఆ రోజంతా వేరే బండి ముట్టుకోలేదు. పాత ఆటో హ్యాండ్ బ్రేకు విప్పి పళ్ళున్న రేకు తీశాడు. స్వర్ణ కొలతలు చెబుతుంటే అరగదీశాడు. మోకాలి మోటారును మొత్తానికే పీకేసి, దాని చోట పళ్ళ రేకు, దాని మీద చిన్న కొక్కెం బిగించారు. చెప్పు మడమ కింద ఒక పలక పెట్టి, దాని నుంచి కొక్కెం దాకా స్కూటరు బ్రేకు తీగ లాగారు. మడమ నేలకు ఆనిందా, తీగ గుంజుకుని కొక్కెం పళ్ళలో పడుతుంది. మోకాలు నిటారుగా చాచుకోవచ్చు గానీ మడతపడదు. మడమ లేచిందా, స్ప్రింగు కొక్కెన్ని వెనక్కి లాగేస్తుంది. ఇక బ్యాటరీకి మిగిలింది ఒకటే పని, నడుం దగ్గరి మోటారుతో కాలును ముందుకు ఎత్తడం.

శనివారం మధ్యాహ్నం దామోదరే తండ్రిని బండి మీద ఎక్కించుకుని షెడ్డుకు తెచ్చాడు. గోపయ్య మిషన్ కట్టుకుని లేచాడు. కుడి మడమ నేల మీద పెట్టాడు. మోకాలి దగ్గర టక్కుమని చిన్న చప్పుడు. అంతే.

"ఇప్పుడు ఎడమకాలు లేపు నాయినా" అంది స్వర్ణ.

గోపయ్య కట్టె మీద చేతులు ఆనించి ఎడమకాలు మెల్లగా నేల నుంచి ఎత్తాడు. మూడేళ్ళ తర్వాత ఆ మనిషి కుడికాలి మీద నిలబడ్డాడు. ఒక్క కుడికాలి మీదే. గడ్డం చేతుల మీద ఆనించాడు, అచ్చం గుట్ట మీద ఆనించినట్టే. స్వర్ణ ఫోన్ చూసింది. కరెంటు గీత నేలకు దిగి, అక్కడే ఉండిపోయింది. సున్నా. డెబ్బై కిలోల మనిషి, కబురు అందని కాలు, దాని మీద నిలబడి ఉంటే ఖర్చు సున్నా!

పరశురాం చేతిలో స్పానరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. దామోదర్ చూపు తిప్పుకున్నాడు గానీ కళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు. "గిది మంచిగ నేర్సుకున్నది" అన్నాడు గోపయ్య మోకాలిని తట్టి. "నా తీరుగ నిలవడుడు దీనికి గూడ వచ్చింది." ఆ మాట విన్నాక స్వర్ణకు దుఃఖం ఆగలేదు, షెడ్డు వెనక్కి వెళ్ళి కడుపునిండా ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చింది.

ఆదివారం ఎనిమిదింటికి గోపయ్య మందను తోలుకుని గుట్ట దారి పట్టాడు. చద్ది మూట, నీళ్ళ సీసా, కట్టె. వెనక్కి తిరిగి చూడలేదు. స్వర్ణ పదిసార్లు లెక్క వేసుకుంది. ఎనిమిది గంటలు గడిచేసరికి బ్యాటరీలో నూటికి పదహారు వంతులు మిగలాలి, ఎక్కడా తేడా రాకపోతే. ఒక ఎత్తు ఎక్కువ ఎక్కాడా, ఆ పదహారు కాస్తా హుష్ కాకే. గుట్ట మీద సిగ్నల్ ఉంటే ఒక తీరు, ఆ రోజు అదీ లేదు. ఫోన్‌లో ఏమీ కనబడలేదు.

పన్నెండయింది, ఒకటయింది. గుర్వమ్మ అన్నం ముట్టలేదు. మూడున్నరకు అంజయ్య బండి రానే వచ్చింది. మర్యాదస్తుడు, దిగి చాయ్ తాగి వాకిట్లో కూర్చున్నాడు. వెనక డోరు మాత్రం తీసిపెట్టాడు. స్వర్ణ ఆ తెరిచిన డోరు కనబడకుండా అటు తిరిగి కూర్చుంది. దామోదర్ గడియారం చూడటం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. నాలుగుకు పది నిమిషాలుంది.

ముందు దుమ్ము కనబడింది. తర్వాత గంటల చప్పుడు. తర్వాత పెద్ద పొట్టేలు, దాని వెనక మందంతా ఊరి దారిలోకి తిరిగింది. మనిషి కనబడలేదు. గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంద సగం దొడ్డిలోకి పోయాక అప్పుడు, ఆ దుమ్ములోంచి, అందరికంటే వెనక, చిన్న గొర్రెపిల్లను చంకన పెట్టుకుని గోపయ్య వచ్చాడు. నడిచి వచ్చాడు. ఒక చేతిలో కట్టె, ఇంకో చంకలో పిల్ల, తొందర లేని నడక.

అంజయ్య లేచి నిలబడ్డాడు. "గోపన్నా! ఇరవై ఏండ్లసంది మందలు కొంటున్న, నా కండ్లతోటి గిసొంటిది చూడలే" అని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి బండి డోరు మూశాడు. దామోదర్ తండ్రికి ఎదురు పోయి గొర్రెపిల్లను అందుకున్నాడు. "రేపటిసంది నేను నార్కట్‌పల్లి పోత నాయినా" అన్నాడు. గోపయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "పో బిడ్డా. మూడేండ్లు నా పని చేసినవ్, ఇగ నీ పని చేసుకో" అన్నాడు. గుర్వమ్మ ఏడుస్తూనే చాయ్ పెట్టడానికి లోపలికి ఉరికింది.

అంజయ్య బండి వెళ్ళిపోయాక స్వర్ణ తండ్రి పక్కన మంచం మీద కూర్చుని, నడుముకున్న బ్యాటరీ డబ్బాకు ఫోన్ తగిలించింది. గర్వంతో గుండె నిండిపోయి ఉంది. పదహారు మిగలాలి. పది మిగిలినా గెలిచినట్టే.

యాభై ఎనిమిది మిగిలింది.

స్వర్ణ కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. యాభై ఎనిమిదే. ఇంత మిగలడానికి లేదు. ఎంత మంచి మిషన్ అయినా సరే, కాలు ఎత్తిన ప్రతిసారీ కొంత తిని తీరుతుంది. వేలితో గీతను వెనక్కి జరిపింది. ఎనిమిది నుంచి గీత బాగానే ఉంది, అడుగు అడుగుకూ లేచి పడుతోంది. పన్నెండుకు నేలకు అంటుకుంది. ఆ తర్వాత లేవలేదు. నాలుగు గంటలు, ఒక్కసారి కూడా లేవలేదు.

"నాయినా," ఫోన్ మీది నుంచి తల ఎత్తకుండానే అడిగింది, "పగటీలి పన్నెండింటికి మిషన్‌ను ఏమన్న చేసినవా?"

"ఏం చేస్త? సద్ది తినేటప్పుడు బంద్ చేసిన. గుట్ట మీద సెల్లు బంద్ చేసుకుంట గద, ఛార్జింగ్ మిగులుతదని, గట్లనే. ఊకె కూసున్నదానికి ఎందుకు ఖర్చని." గోపయ్య చాయ్ ఊదుకున్నాడు. "బండ మీద కూసొని అన్నం సగం తిన్ననో లేదో, ఈ బుడ్డ గొర్రెపిల్ల కంకర క్వారీ గుంత దిక్కు ఉరికింది. పడితె బతుకుతదా? లేచి ఉరికిన దాని ఎన్క. అంచు మీద దొరకవట్టిన."

"మల్ల మిషన్ ఆన్ చేసినవా?"

"చేసే ఉంట." గోపయ్య తేలిగ్గా అన్నాడు. "లేకుంటె కాలెట్ల లేస్తది బిడ్డా?"

స్వర్ణ వంగి డబ్బా మీది స్విచ్ చూసింది. ఆన్ చేయలేదు. డబ్బా ఇప్పటికీ బంద్‌లోనే ఉంది. గుట్ట మీది నుంచి ఊరి దాకా, బండలు దిగి, వాగు దాటి, చంకన గొర్రెపిల్లతో మైలున్నర. మోకాలిని కొక్కెం పట్టుకుంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు, సరే. కాలును నేల మీది నుంచి ఎత్తి ముందుకు వేసింది మాత్రం మోటారు కాదు. కబురు పోదన్న కాలది. డాక్టర్లు ఆశ వదులుకొమ్మన్న కాలది. మరి ఎత్తింది ఎవరు?

చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. ఆగిపోయింది. చెబితే భయపడతాడేమో. భయపడితే కాలు మళ్ళీ మరిచిపోతుందేమో. అసలు తాను చూస్తున్నది నిజమేనో, ఫోన్‌లో ఏదైనా పొరపాటో. కళ్ళతో చూస్తే తప్ప నమ్మేట్టు లేదు. దామోదర్‌ను కళ్ళతోనే దగ్గరికి పిలిచి, పడితే పట్టుకోవడానికి తండ్రి పక్కన నిలబెట్టింది. తర్వాత డబ్బా మీద స్విచ్ దగ్గర వేలు పెట్టింది. నొక్కలేదు.

"ఆన్ చేసిన నాయినా" అంది. తండ్రితో అబద్ధమాడటం ఆ పిల్లకు అదే మొదలు. "దొడ్డి దాక పోయి తొట్లె నీళ్ళున్నయో లేవో చూసిరా."

గోపయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి కట్టె అందుకుని లేచాడు. ఎడమ అడుగు వేశాడు. కుడికాలు లేచింది. కొంచెం ఆలస్యంగా, కొంచెం వణుకుతూ, కానీ లేచింది. ముందుకు పోయి మడమ నేలకు ఆనింది, టక్కుమంది. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. స్వర్ణ చేతిలోని ఫోన్‌లో గీత కదలలేదు. తన రెండేళ్ళ కష్టం, తన లెక్కలు, తన మోటారు, అన్నీ ఆ క్షణంలో ఆమెకు ఆవగింజంత అయిపోయాయి. కళ్ళ ముందు మనిషి కాలు నడుస్తోంది, దేవుడా, తనంతట తాను నడుస్తోంది.

సరిగ్గా అప్పుడే గుర్వమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. మిషన్ ఇల్లు చేరినప్పటి నుంచి దాన్ని కన్నార్పకుండా చూస్తున్న మనిషి, తేడా పట్టేసింది.

"ఏమే స్వర్ణా, గా డబ్బ మీద పచ్చలైటు వెలుగుతలేదేందే? మిషన్ బంద్ ఉన్నట్టున్నది గద!"

గోపయ్యకు ఆ మాట వినబడింది. కుడికాలు అప్పుడే నేల విడిచింది. మనిషి ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. తల వంచి నడుం దగ్గరి డబ్బా వంక చూశాడు. వెలుగు లేదు. కూతురి ముఖంలోకి చూశాడు, అక్కడ కారుతున్న కన్నీళ్ళు చూశాడు. తర్వాత మెల్లగా తన కాలి వంక చూసుకున్నాడు.

కాలు గాలిలోనే ఉంది. ఇంకా దిగలేదు.